గురి తుపాకీదా... చేతిదా?

పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వల్ల వచ్చింది. 1890లో ఆ పేరు పెట్టారు. ఆ నవాబుగారికి జనం పెట్టిన పేరు మరొకటుంది... 'తీస్ మార్ ఖాన్'. ముప్పై పులుల్ని కొట్టినవాడని అర్థం. గాల్లోకి ఎగరేసిన నాణేన్ని కూడా గురి తప్పకుండా కొట్టేవాడని హైదరాబాద్‌లో కథలుగా చెప్పుకునేవారు. అందులో నిజమెంతో, అభిమానమెంతో ఆ కాలానికే తెలియాలి.

గమ్మత్తేమిటంటే, ఆ కథల్లో ఎక్కడా తుపాకీ పేరుండదు. అది ఏ దేశపు సరుకో, గొట్టం పొడవెంతో, ఎంత పెట్టి కొన్నారో ఎవరూ చెప్పరు. చెప్పేదంతా చేతి గురించే, కంటి గురించే. మరి ఇవాళ? రివాల్వర్ సరదా ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మొదటి ప్రశ్న 'నీది ఏ కంపెనీ?' రెండోది 'ఎంతకు కొన్నావ్?' దాంతో ఎంత గురిగా కొట్టగలవన్న ప్రశ్న ఎప్పుడో చివర్లో వస్తుంది. చాలాసార్లు అసలు రానే రాదు!

సంస్థానాల గాలి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు... 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలయ్యాయి కానీ అంతకుముందు మూడూ పాలమూరులోనివే. మూడు ఊళ్లకూ ఆయుధంతో పాత చుట్టరికం ఉంది. గద్వాల అంటే సోమనాద్రి కట్టించిన కోట గుర్తొస్తుంది. ఇక వనపర్తి సంస్థానం సంగతి చెప్పాలంటే హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ దాకా వెళ్లాలి. ఆ పేటకు ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో కూడిన ఆ అశ్వదళం మొదట వనపర్తి రాజావారిది. పందొమ్మిదో శతాబ్దంలో అది నిజాం కొలువుకు చేరింది. మాసాబ్ ట్యాంక్ పక్కనుంచి రోజూ వెళ్లే ఎంతమందికి ఆ పేరులో వనపర్తి ఉందని తెలుసు?

నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల ఉంది. ఇవాళ పర్యాటకులు లోయను చూడటానికి వెళ్లే ఫరహాబాద్ ఒకప్పుడు నిజాంల వేట విడిది. ఇప్పుడది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక రాజుల వేట సరదాకు తెరపడింది. తుపాకులు పట్టిన చోటే కెమెరాలు పట్టాం. మంచిదే అయింది.

కానీ సరదా ఊరికే పోదు కదా! వేట తుపాకులు గోడలకెక్కాయి. వాటి స్థానంలో నడుముకు తోలు సంచీలో చిన్న రివాల్వర్ వచ్చింది. లైసెన్సు ఉన్న నాయకుడు, కాంట్రాక్టరు, రైస్‌మిల్లు యజమాని... పెళ్లికి వచ్చి భోజనాల దగ్గర కూర్చునేటప్పుడు చొక్కా కాస్త పక్కకు జరిపితే చాలు. నలుగురి కళ్లూ అటే. కొందరికి అది నిజంగానే ప్రాణభయంతో తీసుకున్న ఆయుధం. ఇంకొందరికి మెడలో గొలుసు లాంటిది.

రివాల్వర్లు పోల్చుకునే అలవాటు మనదొక్కరిదే అనుకోనక్కర్లేదు. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో తిరిగే సిలిండర్‌తో తుపాకీకి పేటెంట్ తీసుకున్నాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు దాన్ని తీసుకొస్తే, అక్కడ రాబర్ట్ ఆడమ్స్ అనే ఆంగ్లేయుడు తన రివాల్వర్‌తో పోటీకొచ్చాడు. కోల్ట్‌ది ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి కాల్చాలి. ఆడమ్స్‌ది ట్రిగ్గర్ నొక్కితే చాలు. మొదటిది నిదానంగా గురి చూసుకోవడానికి, రెండోది వేగానికి. ఏది గొప్ప? నూట డెబ్భై ఏళ్లు దాటినా ఆ వాదన తేలలేదు. రెండు పద్ధతులూ ఒకే రివాల్వర్‌లోకి వచ్చేశాయి, వాదన మాత్రం అలాగే ఉండిపోయింది!

ముగ్గురు మిత్రులు... మూడు రివాల్వర్లు

ముగ్గురు మిత్రులను ఊహించుకుందాం. ఒకాయనది గద్వాల, ఒకాయనది వనపర్తి, మరొకాయనది నాగర్‌కర్నూలు. ముగ్గురికీ లైసెన్సులున్నాయి. గద్వాల ఆయన దగ్గరున్నది తాత నుంచి వచ్చిన వెబ్లీ. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తయారైంది. వనపర్తి ఆయనది కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో చేసిన .32 రివాల్వర్. నాగర్‌కర్నూలు ఆయనది 'నిర్భీక్'. 2014లో మహిళల ఆత్మరక్షణ కోసమంటూ కాన్పూర్ నుంచే వచ్చిన తేలిక రకం.

"తాత కాలం నాటిది ఇది. ఇంగ్లండ్ సరుకు. దీని ముంగట మీవి బొమ్మ తుపాకులు" అంటాడు గద్వాల ఆయన.

"పాతదైతే గొప్పదా బావా? నాది ఖరాబైతే సామాను దొరుకుతది. నీది ఖరాబైతే గాజు పెట్టెల పెట్టుకొని సూసుడే" అని వనపర్తి ఆయన ఎత్తిపొడుపు.

"మీ ఇద్దరివీ మోసేటందుకే ఓ మనిషి కావాలె. నాది సూడుండ్రి... అర్ధకిలో!" మూడో ఆయన మురిపెం.

నిజానికి మొదటి రెండూ చుట్టాలే. కాన్పూర్ .32 రివాల్వర్‌కు మూలం వెబ్లీ నమూనానే. రెండూ నడుము దగ్గర విరిచినట్లు తెరుచుకుంటాయి. తెరవగానే కాల్చేసిన ఖాళీ గుళ్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి. సిలిండర్ పక్కకు తెరుచుకునే పద్ధతి మన దేశవాళీ రివాల్వర్‌లోకి 2023లో 'ప్రబల్'తో వచ్చింది. అది 50 మీటర్ల దాకా పనిచేస్తుందని తయారీదారు ప్రకటించారు.

ఇక మూడింట్లోనూ తూటా ఒక్కటే... .32. సైన్యం, పోలీసులు వాడే కొన్ని రకాల తూటాలు మామూలు పౌరులకు నిషిద్ధం. అందుకే మన దేశంలో లైసెన్సు రివాల్వరంటే ఎక్కువగా .32 కనిపిస్తుంది. 'చిన్న గుండు' అని చాలామందికి చిన్నచూపు. కానీ 1896లో పుట్టిన ఈ .32 తూటా అంతర్జాతీయ సెంటర్‌ఫైర్ పిస్తోలు పోటీల్లో ఛాంపియన్లు ఇష్టపడే సరుకు. కుదుపు తక్కువ, గురి ఎక్కువ. అంటే మన మిత్రుల చేతిలో ఉన్నది పతకాలు తెచ్చిపెట్టే తూటాకు తోబుట్టువే అన్నమాట!

బల్ల మీద ఒకటి... చేతిలో ఒకటి

వాదన తెగక ముగ్గురూ ఓ ఆదివారం లైసెన్సున్న షూటింగ్ రేంజ్‌కు వెళ్లారనుకుందాం. పొలం గట్టునో, గుట్ట చాటునో కాల్చి చూసుకుంటే చట్టం ఊరుకోదు. తూటా రాయికి తగిలి ఎటు మళ్లుతుందో కూడా ఎవరికీ తెలియదు. అందుకని రేంజే సరి.

రివాల్వర్ల గురిని పోల్చాలంటే ముందు మనిషిని పక్కనపెట్టాలి. బల్ల మీద ఇసుక సంచి వేసి, దానిమీద చేతులు ఆనించి 25 మీటర్ల దూరంలోని కాగితం మీద అయిదేసి తూటాలు కాలుస్తారు. బొత్తిగా మధ్యలో పడ్డాయా లేదా అన్నది కాదు, అయిదూ ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయన్నదే లెక్క. దాన్నే 'గ్రూప్' అంటారు. గుంపు చిన్నదైతే తుపాకీ మంచిది. గుంపు మొత్తం పక్కకు పోతే చూపు సరిచేసుకుంటే చాలు.

ఇందులో ఓ మెలిక ఉంది. రివాల్వర్‌కు గొట్టం ఒకటే అయినా తూటా గదులు ఆరు. ఒక్కో గదీ వచ్చి గొట్టం ముందు సరిగ్గా నిలబడాలి. ఒక గది వెంట్రుకవాసి పక్కకు ఆగినా తూటా గొట్టం అంచును రాసుకుంటూ పోతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు గదులకు గుర్తులు పెట్టుకుని, ఏ గది తూటా ఎటు పోతోందో విడివిడిగా చూస్తారు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య కాగితమంత సందు కూడా ఉంటుంది. కాల్చినప్పుడు అక్కడి నుంచి వేడి వాయువు ఎగజిమ్ముతుంది. ఆ సందు దగ్గర వేలు పెట్టకూడదు. ఇవన్నీ రివాల్వర్‌కే ఉన్న తంటాలు.

మన కథలో బల్ల పరీక్ష అయింది. ముగ్గురి కాగితాలు పక్కపక్కన పెడితే తేడా కొంచెమే. మూడు గుంపులూ అరచేతిలో ఇమిడిపోయేలా ఉన్నాయి. సరే, ఇప్పుడు బల్ల తీసేశారు. నిలబడి, చేత్తో కాల్చమన్నారు. అంతే! మూడు గుంపులూ తలగడంత అయ్యాయి. కొన్ని తూటాలు కాగితాన్నే తాకలేదు. తాతల నాటి ఇంగ్లండ్ సరుకూ, కాన్పూర్ సరుకూ, అర్ధకిలో సరుకూ ఒకే గూటి పక్షులైపోయాయి.

ఏం మారింది? తుపాకీ అదే, తూటా అదే, దూరం అదే. మారింది చెయ్యే.

మిల్లీమీటరు తప్పు... పాతిక సెంటీమీటర్ల దూరం

చిన్న లెక్క చూద్దాం. రివాల్వర్ మీద వెనకొక గాడి, ముందొక మొన ఉంటాయి. కంటితో ఆ రెండూ ఒకే వరసలో చూసుకోవాలి. పొట్టి రివాల్వర్‌లో ఆ రెంటికీ మధ్య దూరం సుమారు 10 సెంటీమీటర్లు అనుకుంటే, మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 25 మీటర్ల దగ్గర తూటా పాతిక సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పోటీల్లో వాడే పిస్తోలుకు ఆ దూరం 22 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. అదే తప్పు అక్కడ పదకొండు సెంటీమీటర్లతో సరిపోతుంది. జేబులో పట్టే తుపాకీ గురి విషయంలో ఎందుకు మొండికేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. 25 మీటర్ల పిస్తోలు కాగితం మీద పది మార్కుల వలయం వెడల్పు 5 సెంటీమీటర్లే మరి!

రెండోది ట్రిగ్గర్. హ్యామర్‌ను ముందే బొటనవేలితో లాగిపెడితే ట్రిగ్గర్ మీద సుమారు రెండు కిలోల బలం చాలు. లాగకుండా నేరుగా నొక్కితే అయిదారు కిలోలు కావాలి. తుపాకీ బరువేమో ముప్పావు కిలో. తన బరువుకు ఏడెనిమిది రెట్ల బలంతో ఒక వేలు దాన్ని లాగుతుంటే, అది కదలకుండా ఎలా ఉంటుంది? 25 మీటర్ల పిస్తోలు పోటీల్లో ట్రిగ్గర్ కనీసం ఒక కిలో ఉండాలని నియమం. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుకైతే అర కిలో. కోల్ట్, ఆడమ్స్ గొడవంతా ఈ వేలి చివరనే ఉంది. అందుకే కాగితం మీద గురి చూసేటప్పుడు నెమ్మదిగా హ్యామర్ లాగి కాల్చేవాళ్లే ఎక్కువ.

మూడోది బరువు. అర కిలోది జేబుకు హాయి, చేతికి కాదు. 700 గ్రాముల తుపాకీ, 500 గ్రాముల తుపాకీ ఒకే తూటాను కాలిస్తే, తేలికది దాదాపు ఒకటిన్నర రెట్ల వేగంతో వెనక్కి తంతుంది. నాగర్‌కర్నూలు ఆయన మూడో తూటాకే చెయ్యి విదిలించుకోవడానికి కారణం అదే. ఇది ఆ రివాల్వర్ లోపం కాదు. సంచీలో మోసుకెళ్లడానికి చేసినదాన్ని పోటీ కాగితం ముందు నిలబెట్టడం మన లోపం. ఎడ్లబండికి కట్టాల్సిన ఎద్దును పందేనికి దింపి, పరుగెత్తడం లేదంటే ఎలా?

గద్వాల చీరనే తీసుకోండి. నూలు ఒంటికి పట్టు అంచును కలిపే ఆ నేతలో మగ్గం పాత్ర ఉంది. కాదనలేం. కానీ చీర చూసి 'ఏ మగ్గం?' అని ఎవరైనా అడుగుతారా? 'ఎవరు నేశారు?' అనే అడుగుతారు.

జంకును పట్టించే ఖాళీ గుండు

తూటా పేలాక చెయ్యి ఎగరడం వల్ల గురి తప్పుతుందని చాలామంది నమ్మకం. కాదు. మూడంగుళాల గొట్టం దాటడానికి తూటాకు సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. చెయ్యి పైకి లేచేసరికి అది చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. మరి గురి ఎక్కడ తప్పుతుంది? పేలక ముందే! 'ఇప్పుడు పేలుతుంది... ఇప్పుడు పేలుతుంది' అని మనసు ముందే భయపడుతుంది. కన్ను మూసుకుంటుంది, మణికట్టు కిందికి వంగుతుంది. షూటింగ్ నేర్పేవాళ్లకు ఇదే పెద్ద శత్రువు. తెలుగులో దీనికి చక్కటి మాటుంది... జంకు.

జంకును పట్టుకోవడానికి రివాల్వర్‌ను మించిన గురువు లేదు. ఎలాగంటే... నేర్పేవాడు సిలిండర్‌లో రెండు మంచి తూటాలు, మిగతా చోట్ల కాల్చేసిన ఖాళీ గుళ్లు పెట్టి తిప్పి ఇస్తాడు. ఏ గది వస్తుందో కాల్చేవాడికి తెలియదు. ఖాళీ గుండు వచ్చినప్పుడు తుపాకీ 'టక్' అంటుంది, అంతే. కానీ మొన మాత్రం దబ్బున కిందికి వంగుతుంది. పేలనే లేదు, కుదుపే లేదు... మరి వంగిందెందుకు? ఆ క్షణంలో ఎవరి గుట్టు వారికి తెలిసిపోతుంది.

మన ముగ్గురు మిత్రులకూ ఆ పరీక్ష పెడితే ముగ్గురి తుపాకులూ వంగాయి. అందరికంటే ఎక్కువ వంగింది ఇరవై ఏళ్లుగా నడుముకు కట్టుకు తిరుగుతున్న ఆయనది. ఆశ్చర్యమేమీ లేదు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఉన్నవాటిని కూడా చాలామంది కాల్చరు, దాచుకుంటారు. 25 మీటర్ల మహిళల పిస్తోలు పోటీలో ఒక్క అర్హత రౌండులోనే 60 తూటాలు కాల్చాలి. పోటీకి తయారయ్యే అమ్మాయి ఒక్క పూటలో చేసినంత సాధన, రివాల్వర్ కట్టుకుని తిరిగే పెద్దమనిషి ఏళ్ల తరబడి చేసి ఉండడు. బీరువాలో వీణ ఉన్నంత మాత్రాన సంగీతం వచ్చినట్లా?

చెయ్యి మారినా గురి మారలేదు

హంగరీలో కరోలీ తకాచ్ అనే సైనికుడుండేవాడు. కుడిచేత్తో పిస్తోలు కాల్చడంలో దిట్ట. 1938లో శిక్షణలో ఉండగా చేతిలోనే గ్రెనేడ్ పేలి ఆ చెయ్యి దెబ్బతింది. అందరూ అయిపోయిందనుకున్నారు. ఆయన ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో సాధన మొదలుపెట్టాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలులో స్వర్ణం. 1952 హెల్సింకీలో మళ్లీ స్వర్ణం! అదే పోటీలో మన విజయ్‌కుమార్ 2012 లండన్‌లో రజతం తెచ్చాడు.

2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా జ్వరంతోనే బరిలోకి దిగాడు. సెంటర్‌ఫైర్ పిస్తోలులో 600కు 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. ఇక 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికేచ్‌ను ప్రపంచమంతా చూసింది. మామూలు కళ్లద్దాలు, ఒక చెయ్యి జేబులో, ఇంటి ముందు నిలబడినంత తీరుబడిగా కాల్చి మిక్స్‌డ్ టీమ్ విభాగంలో రజతం పట్టుకెళ్లాడు. నిజమే, ఆయన చేతిలోని పిస్తోలు పోటీ స్థాయిదే. మంచి పనిముట్టు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ అలాంటి పిస్తోలు ఆ రోజు అక్కడున్న ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉంది. తేడా తెచ్చింది వెనకున్న ఏళ్ల సాధన.

అంత దూరం ఎందుకు... మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఉంది. 2005లో పుట్టింది. తొమ్మిదేళ్ల వయసులో గచ్చిబౌలి రేంజ్‌లో షూటింగ్ చూసి మనసు పడింది. ఒకప్పుడు కార్ ర్యాలీల్లో పాల్గొన్న ఆమె తండ్రి, కూతురి కోసం ఇంట్లోనే కాగితపు గురులతో సాధనకు ఏర్పాట్లు చేశాడు. 2018లో తిరువనంతపురంలో జరిగిన జాతీయ పోటీల్లో పదమూడేళ్ల పిల్ల మను భాకర్, హీనా సిద్ధూ లాంటివాళ్లను దాటి ఎయిర్ పిస్తోలు ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చింది. అందులో 25 మీటర్ల పిస్తోలు టీమ్ స్వర్ణం ఒకటి. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కూ వెళ్లింది. పెళ్లి భోజనాల దగ్గర చొక్కా జరిపి చూపించుకోవాల్సిన అవసరం ఇలాంటి గురికి ఉండదు.

ఇంట్లో ఉన్నప్పుడు అసలు పరీక్ష

మళ్లీ మన మిత్రుల దగ్గరకొద్దాం. కాగితాలు చుట్టుకుని బయల్దేరబోతుంటే రేంజ్‌లో నేర్పే ఆయన ఒక్క మాట అడిగాడనుకోండి. "పెద్దాయనా, మీ బీరువా తాళం ఎక్కడుంటుందో మీ మనవడికి తెలుసా?"

గద్వాల ఆయన నోట మాట రాదు. తెలుసు మరి! దేవుడి గూట్లో, పసుపు డబ్బా వెనక. ఆ ఇంట్లో ఆ సంగతి పనిమనిషికి కూడా తెలుసు.

రివాల్వర్ చేతికి ఎలా ఒదుగుతుందన్న చర్చ గంటలు గంటలు సాగుతుంది. అది ఏ చేతికి అందుతుందన్న చర్చ ఏ ఇంట్లోనూ జరగదు. పిల్లల కుతూహలానికి మంచీచెడూ తెలియదు. పరీక్ష తప్పిన కుర్రాడు, అప్పులవాడి మాట పడలేక ఇంటికొచ్చిన యజమాని, అన్నదమ్ముల పంపకంలో రక్తం మరిగిన తమ్ముడు... క్షణికావేశం ఎవరికైనా వస్తుంది. ఆ క్షణం దాటితే మనిషి మళ్లీ మామూలైపోతాడు. చేతికందే దూరంలో తూటా నింపిన ఆయుధం లేకపోవడమే ఆ క్షణాన్ని దాటించే ఉపాయం. దొంగల కోసం దాచినది దొంగ రాకముందే ఇంటివాళ్లను బలి తీసుకోకూడదు.

షూటర్లు మొదటిరోజే నేర్చుకునే సూత్రాలు నాలుగు. ఏ తుపాకీనైనా తూటా ఉన్నట్లే భావించాలి. కాల్చకూడని దాని వైపు మొన తిప్పకూడదు. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. గురి వెనక ఏముందో చూసుకోవాలి. ఇంటికి ఇంకో మూడు కలుపుకోవచ్చు. తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో, తాళంచెవులు ఒక్కరి దగ్గరే.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు కావాలంటే ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందాలి. దాన్ని సురక్షితంగా దాచుకుంటానని హామీ ఇవ్వాలి. 2019 సవరణతో ఒక్కరి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్లి ఊరేగింపుల్లో, గెలుపు సంబరాల్లో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన తూటా పైనే ఉండిపోదు కదా!

ఇంటి పెద్ద కాలం చేస్తే ఆయన తుపాకీ వాటంతటవే ఆస్తులతోపాటు పంపకానికి రాదు. వారసులు దాన్ని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. 'తాతగారి గుర్తు' అని బట్టల కింద దాచితే అది గుర్తు కాదు, నేరం. లైసెన్సుదారుకు డెబ్భై ఏళ్లు నిండినా, పాతికేళ్లుగా ఆయుధం ఆయన దగ్గరే ఉన్నా, బతికుండగానే వారసుడికి ఇప్పించే వీలు కూడా ఉంది. వయసు మీదపడి చెయ్యి వణికే రోజు వస్తే ఆ దారి గుర్తుంచుకోవాలి. 'ఈ ఇంట్లో దీని అవసరం ఇంకా ఉందా?' అని అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి కూడా అదే మంచి సమయం.

పిల్లలకు కావాల్సింది

ఇంత చెప్పుకున్నాక ఒక కష్టం మిగిలే ఉంది. గద్వాల నుంచి హైదరాబాద్ సుమారు 190 కిలోమీటర్లు. వనపర్తి నుంచి 150, నాగర్‌కర్నూలు నుంచి 125 దాకా. ఎన్‌సీసీలో చేరిన పిల్లలు .22 రైఫిల్ కాల్చి, మంచి మార్కులు కొట్టి, ఆ కాగితం మడిచి పుస్తకంలో దాచుకుంటారు. పోటీల దాకా ఎదగాలంటే దారి అక్కడితో ఆగిపోతుంది. ప్రతి ఆదివారం అంత దూరం తీసుకెళ్లడం ఏ మధ్యతరగతి ఇంటికైనా భారమే.

కానీ మొదటి మెట్టుకు అంత దూరం వెళ్లక్కర్లేదు. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుకు పేలుడు మందు ఉండదు. గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న వాటికి లైసెన్సు అవసరం లేదు. వెనక గట్టి గోడ, గుళ్లను ఆపే పెట్టె, కళ్లకు అద్దాలు, పక్కన తెలిసిన పెద్దవాళ్లు ఉంటే చాలు. బడిలోని ఒక పొడవాటి గది రేంజ్ అయిపోతుంది. ఆ కాగితం మీద పది మార్కుల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే. చిటికెన వేలి గోరంత! దాన్ని కొట్టడం నేర్చుకున్న పిల్లకు నిదానం వస్తుంది, ఊపిరి పట్టు తెలుస్తుంది, కోపాన్ని వేలి చివర ఆపుకోవడం అలవాటవుతుంది. ఇవి పరీక్ష హాల్లోనూ పనికొస్తాయి.

నిజం తుపాకీతో సాధన చేయాలన్నా చట్టం అడ్డుకోదు. సొంత లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి కానీ, శిక్షకుల కళ్లెదుట సాధన చేయడానికి పన్నెండేళ్ల నుంచే అవకాశం ఉంది.

ఎప్పుడైనా ముగ్గురు మిత్రులు కూర్చుని 'నీది గొప్పా, నాది గొప్పా' అని వాదించుకుంటుంటే, పక్కన నిలబడి వింటున్న పిల్లలుంటారు. వాళ్లకు ఆ వాదన వినిపించడం కన్నా ముగ్గురూ తలా కొంత వేసుకుని ఊరి బడికి ఒక ఎయిర్ పిస్తోలు, నాలుగు కాగితపు గురులు కొనిపెడితే బాగుంటుంది. కాన్పూర్ రివాల్వర్ ఒకటి లక్ష రూపాయల పైమాటే. అందులో కొంత భాగంతోనే ఆ పని మొదలవుతుంది. అప్పుడు గద్వాలదో, వనపర్తిదో, నాగర్‌కర్నూలుదో ఓ అమ్మాయి పేరు పేపర్లో చూసినరోజు, అది ఏ కంపెనీ పిస్తోలని ఎవరూ అడగరు. 'ఎవరి పిల్ల?' అని అడుగుతారు.